దొరికిందా లేదా: జయనగర్‌లో ఆరు ఆదివారాల అమెరికన్ క్రిమినల్ ప్రొసీజర్ క్లాసు

జయనగర్ ఫోర్త్ బ్లాక్ కాంప్లెక్స్‌కి రెండు వీధులు అవతల ఒక మూడంతస్తుల బిల్డింగు. కింద జెరాక్స్ అంగడి, మధ్యలో పళ్ల డాక్టరు, పైన ఈ కోచింగ్ సెంటరు. ఆరు ఆదివారాలు, పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 7,500. పేరు మాత్రం రాయను. ఇందులో తిట్లు కొన్ని ఉన్నాయి, పరువునష్టం సెక్షన్ పాత 499 కాస్తా కొత్త న్యాయ సంహితలో 356 అయిందని లా చదివినదాన్ని కాబట్టి నాకు గుర్తుంది. ఇలాంటి క్లాసు కోసం వెతికేవాళ్లకి నేను చెప్పకపోయినా దొరుకుతుంది.

మాది అనంతపురం. అక్కడ మూడేళ్లు జూనియర్‌గా చేశాను. చేశానంటే, మా సీనియర్ గారి ఫైళ్లు మోశాను, వాయిదాలు అడిగాను, బెంచి క్లర్కు గారికి నమస్కారాలు పెట్టాను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఎల్‌పీవోలో, అంటే విదేశీ లాయర్ల పని ఇక్కడ చేసిపెట్టే కంపెనీలో, రాత్రి షిఫ్టు. అమెరికా లాయర్ల తరఫున వేలకొద్దీ ఈమెయిళ్లు చదివి, ఇది కేసుకు పనికొస్తుంది, ఇది రాదు అని ట్యాగులు పెట్టే పని. ఈమధ్య క్రిమినల్ డిఫెన్స్ ఫైళ్లు కూడా మా టీముకి వస్తున్నాయి. ‘సప్రెషన్ మోషన్’ అనే మాట ఒక్క రాత్రిలో పదిసార్లు కనపడుతుంది. పోలీసులు తప్పుదారిలో తెచ్చిన సాక్ష్యాన్ని కోర్టు గడప తొక్కనివ్వొద్దని ముద్దాయి పెట్టుకునే అర్జీ అది. దాని వెనకున్న సూత్రం పేరు ఎక్స్‌క్లూజనరీ రూల్. పేరు తెలుసు, లోతు తెలీదు. సగం ఫీజు కంపెనీ ఇస్తుందని టీమ్ లీడ్ చెప్పాడు, చేరిపోయాను. మిగతావాళ్లలో ఎక్కువమంది న్యూయార్క్ బార్ పరీక్షకి గురిపెట్టినవాళ్లు. ఇరవై ఇద్దరిలో తొమ్మిదిమంది తెలుగువాళ్లం. బెంగళూరులో ఎక్కడ చూసినా అంతే లెండి.

మొదటి రెండు ఆదివారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్లయిడు వేయడం, అందులో ఉన్నది ఉన్నట్టు చదవడం. 1791లో వచ్చిన ఫోర్త్ అమెండ్‌మెంట్ పాఠాన్ని మాచేత రెండుసార్లు పైకి చదివించారు. అన్యాయమైన సోదాలూ స్వాధీనాలూ కూడదు, వారెంటు ఇవ్వాలంటే తగిన కారణం ఉండాలి, ఏ చోటు వెతుకుతారో, దేన్ని పట్టుకుంటారో అందులో రాసుండాలి. అంతవరకు సరే. ఈ నియమాన్ని మీరి తెచ్చిన వస్తువుని ఏం చేయాలో మాత్రం ఆ సవరణలో ఒక్క ముక్కా లేదు. ఆ ఖాళీ గురించి నేను అడిగితే, ‘అది థర్డ్ వీక్ మేడమ్’ అన్నారు. ఏసీ పనిచేయలేదు. బయట పావ్ భాజీ బండి వాసన మాత్రం బాగా పనిచేసింది.

మూడో వారం లోపల మా పీజీలో ఒక సంగతి జరిగింది. రివ్యూకి సంబంధం లేదనుకోకండి, ఉంది.

నేను ఉండేది బీటీఎం లేఅవుట్‌లో. పీజీ ఓనరు ఆంటీ ఇక్కడే పుట్టిన తెలుగావిడ, ఆమె తెలుగులో సగం కన్నడం. నా బీరువాలో, చలికాలం రగ్గు కింద, ఒక ఇండక్షన్ స్టవ్వు ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికి షిఫ్టు దిగి వచ్చేదానికి ఉప్మా ఎవరు పెడతారు? ఒక శుక్రవారం రాత్రి నేను డ్యూటీలో ఉండగా ఆంటీ మారుతాళంతో రూము తీసి, బీరువా తీసి, రగ్గు ఎత్తి, స్టవ్వు పట్టుకుపోయింది. అద్దెలో 500 ఫైను కలిపింది. పొద్దున నేను కిందికి దిగి, ‘నా బీరువా మీరెట్లా తెరుస్తారు ఆంటీ?’ అన్నాను.

‘అది తర్వాత మాట్లాడుదాం. దొరికిందా లేదా, అది చెప్పు ముందు.’

నాకు ఒళ్లు జలదరించింది. ఈ మాట నేను ముందే విన్నాను, అక్షరం పొల్లు పోకుండా. మా జిల్లాలో ఒక మేజిస్ట్రేట్ కోర్టు, నాటుసారా కేసు. ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను, ఒక గుడిసె, సోదాకి సాక్షులుగా ప్రతి కేసులోనూ సంతకం పెట్టే ఇద్దరు మధ్యవర్తులు. మా సీనియర్ గారు ఊళ్లో లేక క్రాస్ ఎగ్జామినేషన్ నాకు అప్పగించారు. రాత్రంతా కూర్చుని తయారయ్యాను. సోదాకి ముందు కారణాలు రాసిపెట్టుకోవాలి కదా, రాశారా? వారెంటు ఏది? ఆ పూట గుడిసె ముందు ఉన్న మనుషుల్ని కాకుండా, పదహారు కిలోమీటర్ల అవతల నుంచి మధ్యవర్తుల్ని ఎందుకు తీసుకెళ్లారు? నాలుగో ప్రశ్న దగ్గర బెంచి మీద నుంచి వచ్చింది: ‘అదంతా సరేనమ్మా. సారా దొరికిందా లేదా, అది చెప్పండి ముందు.’ కోర్టు హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదు కాబట్టి.

ఇక మూడో ఆదివారం. ఈ క్లాసుకి డబ్బులు పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు ఈ మూడు గంటలే.

ఆ రోజు వచ్చిన సారు నెల్లూరు వైపు ఆయన. డెబ్బై దాటుంటాయి, లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. స్లయిడ్లు లేవు, పెన్‌డ్రైవ్ లేదు. బోర్డు మీద ఒక ఇల్లు గీశారు. రెండు వాటాల ఇల్లు, మెట్లు, పై వాటా, కింద బేస్‌మెంటు, బేస్‌మెంటులో ఒక ట్రంకు పెట్టె. ‘ఇది క్లీవ్‌లాండు. 1957 మే 23. పై వాటాలో డాలరీ మ్యాప్ అనే ఆవిడ, ఆమె కూతురు ఉంటారు. ముగ్గురు పోలీసులు తలుపు కొట్టారు. బాంబు కేసులో కావలసిన మనిషి ఒకడు లోపల దాక్కున్నాడని వాళ్లకి కబురు.’

ఆవిడ లాయరుకి ఫోన్ చేసింది, వారెంటు లేనిదే రానివ్వనంది. పోలీసులు వెళ్లిపోలేదు, ఇంటి మీద కన్నేసి ఉంచారు. మూడు గంటల తర్వాత ఇంకొంతమంది వచ్చారు, తలుపు బలవంతంగా తీశారు. లాయరు వచ్చాడు గానీ అతన్ని లోపలికి వెళ్లనివ్వలేదు, ఆవిణ్ణి కలవనివ్వలేదు. వారెంటేదని ఆవిడ అడిగితే ఒక పోలీసు ఒక కాగితం ఎత్తి చూపించాడు.

ఇక్కడ సారు ఆగి, ముందు బెంచీలో ఉన్న నన్ను చూసి, ‘ఏమ్మా, ఏదన్నా కాగితం ఉందా?’ అన్నారు. నా దగ్గర ఫీజు రసీదు ఉంది. తీసుకుని, మడిచి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. ‘ఇది వారెంటు. లాక్కో.’

నేను మొహమాటపడ్డాను. ‘లాక్కోమ్మా, ఆవిడ మొహమాటపడలేదు.’ లేచి లాక్కున్నాను. రసీదు మధ్యకి చిరిగింది. ‘అందులో ఏం రాసుందో చదివావా?’

‘లేదు సార్, టైమేదీ?’

‘ఆవిడా చదవలేదు. జాకెట్లో దోపుకుంది. పెనుగులాడి వాళ్లు మళ్లీ లాక్కున్నారు, ఆవిడ చేతికి బేడీలు వేశారు. ఆ తర్వాత విచారణలో ప్రభుత్వం ఏ వారెంటూ చూపలేదు. ఎందుకు చూపలేదో చెప్పనూ లేదు. ఒక కాగితం కోసం ఇంత గొడవ జరిగింది కదమ్మా, ఆ కాగితం మళ్లీ ఎవరికీ కనపడలేదు.’

క్లాసు మొత్తం నిశ్శబ్దం. బార్ పరీక్షవాళ్లు కూడా పెన్నులు పక్కన పెట్టారు.

ఇంటిని పైనుంచి కిందికి తిరగేశారు. పడకగది, సొరుగులు, సూట్‌కేసులు, ఫొటో ఆల్బమ్, పిల్ల గది. బేస్‌మెంటు ట్రంకులో కొన్ని పుస్తకాలు, బొమ్మలు దొరికాయి. వెతికింది బాంబు కేసు మనిషి కోసం, కేసు పెట్టింది అశ్లీల సాహిత్యం దగ్గర పెట్టుకుందని. అవి నావి కావు, ఇంతకుముందు నా దగ్గర అద్దెకున్న మనిషి వదిలేసినవి అని ఆవిడ చెప్పింది. అయినా శిక్ష పడింది. సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు వాదన ఎక్కువగా ఆ అశ్లీలత చట్టం మీదే నడిచింది. తీర్పు మాత్రం 1961 జూన్ 19న ఇంకో వైపు నుంచి వచ్చింది. అక్రమ సోదాలో తెచ్చిన సాక్ష్యాన్ని ఇకమీద రాష్ట్రాల కోర్టులు కూడా తీసుకోకూడదు. రాసింది జస్టిస్ టామ్ క్లార్క్.

‘రాష్ట్రాల కోర్టులు కూడా’ అన్న మాటలో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. సారు దాన్ని వెనక్కి విప్పుకుంటూ పోయారు. ఈ సూత్రం 1914లో వీక్స్ కేసులో పుట్టింది. కాన్సాస్ సిటీలో ఫ్రీమాంట్ వీక్స్ అనే ఆయన పనిలో ఉండగా పోలీసులు ఆయన ఇంటికి వెళ్లారు. తాళంచెవి ఎక్కడ పెడతాడో పొరుగాయన చెప్పాడు. (నా మారుతాళం గుర్తొచ్చింది.) ఉత్తరాలు, కాగితాలు పట్టుకెళ్లారు. అవి తిరిగి ఇచ్చేయండి, వాటితో కేసు నడపొద్దు అంది సుప్రీంకోర్టు. అయితే ఆ కట్టడి కేంద్ర ప్రభుత్వ అధికారులకే, రాష్ట్ర పోలీసులకి కాదు. దాంతో ఏమైందయ్యా అంటే, రాష్ట్ర పోలీసులు గోడ దూకి సాక్ష్యం తేవడం, వెండి పళ్లెంలో పెట్టి కేంద్ర అధికారులకి అందించడం. వెండి పళ్లెం నా మాట కాదు, ఆ పద్ధతికి అమెరికా లాయర్లు పెట్టిన పేరే అది. 1949లో వుల్ఫ్ కేసులో ఫోర్త్ అమెండ్‌మెంట్ రాష్ట్రాలకీ వర్తిస్తుందన్నారు గానీ, సాక్ష్యం తోసిపుచ్చి తీరాలని అనలేదు. హక్కు ఉంది, దాన్ని మీరితే అడిగేవాడు లేడు. పళ్లెం పద్ధతి 1960లో ఎల్కిన్స్ కేసుతో పోయింది, మరుసటి ఏడే మ్యాప్.

అవతలి వాదాన్ని కూడా సారు గట్టిగానే వినిపించారు. కార్డోజో న్యూయార్క్ జడ్జిగా ఉండగా 1926లో అడిగిన ప్రశ్న: కానిస్టేబుల్ పొరబాటు చేశాడని నేరస్తుణ్ణి వదిలేయాలా? దానికి క్లార్క్ 1961లో ఇచ్చిన జవాబు: వదిలేది చట్టమే. తన చట్టాన్ని తాను పాటించకపోవడం కంటే త్వరగా ప్రభుత్వాన్ని కూల్చేది ఇంకొకటి లేదు. అప్పుడు గుంటూరు అబ్బాయి ఒకడు, ‘సార్, పోలీసుని సస్పెండ్ చేయొచ్చుగా, దొంగకి లాభం ఎందుకు?’ అన్నాడు. సారు కాసేపు చూసి, ‘నీ సర్వీసులో ఎంతమంది సస్పెండ్ అవడం చూశావు నాయనా?’ అన్నారు. అతని సర్వీసు ఇంకా మొదలే కాలేదు. సారు అన్నది నాకు ఇలా అర్థమైంది: పోలీసు జీతం కోయరు, జైల్లో పెట్టరు. చేసిన పనికి ఫలితం దక్కకుండా చేస్తారు. ఎంత వెతికినా కోర్టులో చెల్లదని తెలిస్తే తలుపు విరగ్గొట్టే ముందు జడ్జి దగ్గరికి వెళ్లి సంతకం తెచ్చుకుంటారు. మన బెంచీ మీద ‘దొరికిందా లేదా’ అని అడిగే చోట అక్కడ ‘ఎట్లా దొరికింది’ అని ముందు అడుగుతారు. ఆ ఒక్క మాటకే నా డబ్బులు గిట్టాయి.

నాలుగో ఆదివారం మళ్లీ నేల మీదకి. ఈసారి కుర్ర ఫ్యాకల్టీ, ఒక ఫ్లోచార్టు, మూడు గంటల్లో పదకొండు కేసులు. ఈ సూత్రానికి ఎక్కడెక్కడ చిల్లులు పడ్డాయో చెప్పే పాఠం ఇది. మొత్తం కోర్సులో ఎక్కువ టైము ఇవ్వాల్సింది దీనికే, వీళ్లు ఉరికించారు. 1984 లియాన్ కేసు: వారెంటు తప్పుగా ఇచ్చింది జడ్జి, పోలీసు దాన్ని నమ్మి వెళ్లాడు, కాబట్టి సాక్ష్యం చెల్లుతుంది (‘గుడ్ ఫెయిత్’ మినహాయింపు అంటే ఇదే). 2006 హడ్సన్: డెట్రాయిట్‌లో తలుపు దగ్గర అరిచాక మూడు నుంచి ఐదు సెకన్లే ఆగి లోపలికి దూరారు. పద్ధతి తప్పే, సాక్ష్యం మాత్రం ఉంటుంది. 2009 హెరింగ్: అలబామాలో పక్క కౌంటీ కంప్యూటర్లో వారెంటు ఉందని చూపించింది, అరెస్టు చేశారు, జేబులో మత్తుమందు, బండిలో పిస్టలు. కాసేపటికే ఫోను, ఆ వారెంటు ఐదు నెలల కిందటే రద్దయింది, రికార్డు మార్చలేదంతే అని. ఐదుగురికి నలుగురితో సాక్ష్యం నిలబడింది. 2016 స్ట్రీఫ్: యూటాలో కారణం లేకుండా ఆపారు, పాత ట్రాఫిక్ వారెంటు ఒకటి బయటపడింది, ఆ అరెస్టులో దొరికింది చెల్లింది. ఇవన్నీ వరసగా వింటే, కడవకి ఒక్కొక్క చిల్లు పెట్టుకుంటూ పోయి ఇంకా కడవే అంటున్నట్టు ఉంటుంది. ఆ సంగతి క్లాసులో ఎవరూ అనలేదు. ‘ఎగ్జామ్‌లో గుడ్ ఫెయిత్ కనపడితే సి కొట్టండి’ అన్నారు.

విషవృక్షం ఫలాల సిద్ధాంతం కూడా అక్కడే చెప్పారు. అక్రమంగా తెచ్చిన సాక్ష్యమే కాదు, దాని దారి పట్టి దొరికింది కూడా చెల్లదు. ఆ పేరు 1939లో సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్ పెట్టింది. దానికి మినహాయింపుగా నిక్స్ కేసు, 1984. అయోవాలో 1968 క్రిస్మస్ ముందురోజు పదేళ్ల పిల్లని ఎత్తుకెళ్లి చంపేశాడొకడు. లాయరు లేనప్పుడు ప్రశ్నలు అడగబోమని మాటిచ్చి, కారులో తీసుకెళ్తూ, ఆ పిల్లకి క్రైస్తవ పద్ధతిలో అంత్యక్రియలైనా జరగాలి కదా, మంచు పడితే నీకూ చోటు దొరకదేమో అని డిటెక్టివ్ మాటల్లో పెట్టాడు. నిందితుడు శవం ఉన్న చోటు చూపించాడు. అప్పటికే 200 మంది వాలంటీర్లు ఆ దిక్కునే వెతుక్కుంటూ వస్తున్నారు, ఎటూ దొరికేది కాబట్టి సాక్ష్యం చెల్లుతుందని తీర్పు. ఈ కేసు దగ్గర నేను ఏ పక్షమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మనదగ్గర అయితే అసలు ప్రశ్నే రాదు. ‘ముద్దాయి ఇచ్చిన సమాచారం మేరకు, ముద్దాయి చూపిన చోట’ అనే వాక్యంతో ఎన్ని చార్జిషీట్లు చదివానో! ఆ సమాచారాన్ని సాక్ష్యంగా తీసుకోనిచ్చే పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ఇప్పుడు సాక్ష్య అధినియమ్‌లో 23 కింద చేరింది, పని మాత్రం అదే.

తిట్లు అన్నాను కదా, ఇక్కడ ఉన్నాయి. వాళ్లిచ్చిన స్పైరల్ బుక్‌లో మ్యాప్ తీర్పు సంవత్సరం 1963 అని వేశారు. అది పోనీ, అచ్చుతప్పు. 38వ ప్రశ్న చూడండి: అక్రమ సోదాలో దొరికిన కాగితాల ఆధారంగా గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఒక సాక్షిని ప్రశ్నలు అడుగుతోంది, అతను జవాబు చెప్పనని అనొచ్చా? వెనక జవాబుల్లో ‘అనొచ్చు’ అని ఉంది. తప్పు. 1974 కలాండ్రా కేసు సరిగ్గా ఇదే, జవాబు చెప్పి తీరాలి. ఈ సూత్రం క్రిమినల్ విచారణలో నేరం రుజువు చేసేందుకే అడ్డం వస్తుంది, గ్రాండ్ జ్యూరీ ముందు పనిచేయదు. పరీక్ష ఫీజు డాలర్లలో కట్టేవాళ్లకి ఇలాంటి తప్పు ఎంత ఖరీదో ఆలోచించండి. నేను చెప్తే ‘వుయ్ విల్ చెక్’ అన్నారు. ఆరో వారం దాకా చెక్ అవుతూనే ఉంది. (అన్నట్టు, కలాండ్రాదీ క్లీవ్‌లాండే. దారిన పోయేవాణ్ణి ఆపి ఒళ్లు తడమొచ్చన్న టెరీ కేసు కూడా క్లీవ్‌లాండే. ఆ ఊరు అమెరికా లా విద్యార్థులకి చేసిన సేవ ఇంతా అంతా కాదు.)

ఐదో ఆదివారం మాక్ హియరింగ్, అంటే ఉత్తుత్తి విచారణ, మళ్లీ నెల్లూరు సారు. ఎవరి దగ్గరైనా సొంత సంగతి ఉందా అంటే నా స్టవ్వు కథ చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. సారు నవ్వలేదు. ‘సరే, ఇదే కేసు. నువ్వు ముద్దాయి తరఫు. మోషన్ వెయ్యి.’

లేచి, నా గది, నా బీరువా, నా రగ్గు, వారెంటు లేదు, నా అనుమతి లేదు, సాక్ష్యం తోసిపుచ్చండి అన్నాను. ప్రాసిక్యూటరు గుంటూరు అబ్బాయి. ఒక్క వాక్యంలో నన్ను కూర్చోబెట్టేశాడు: ‘యువరానర్, ఆంటీ పోలీసు కాదు.’ నిజమే. ఫోర్త్ అమెండ్‌మెంట్ ప్రభుత్వానికి వేసిన పగ్గం, పక్కింటివాళ్లకీ ఓనర్లకీ కాదు. 1921 బర్డో కేసు. ప్రైవేటు మనుషులు దొంగిలించి తెచ్చిచ్చిన కాగితాలైనా, ఆ దొంగతనంలో ప్రభుత్వం చెయ్యి లేకపోతే వాడుకోవచ్చు.

‘కూర్చోకు,’ అన్నారు సారు. ‘వాస్తవాలు మారుస్తున్నా. ఆంటీ తనంతట తాను రాలేదు. కానిస్టేబులు వచ్చి, ఆ పిల్ల రూము తియ్యండమ్మా అన్నాడు. ఆంటీ తీసింది. ఇప్పుడు?’

నేను తడుముకున్నాను. ఆయనే అందించారు: స్టోనర్, 1964, కాలిఫోర్నియా. ఒక సూపర్‌మార్కెట్ దోపిడీ. పోలీసులు పొమోనా ఊళ్లో హోటలుకి వెళ్తే, రాత్రి డ్యూటీ గుమాస్తా గది తలుపు తీసి ‘కానివ్వండి’ అన్నాడు. ఆ మనిషి గదిలో లేడు. కళ్లద్దాలు, కోటు, సొరుగులో పిస్టలు దొరికాయి. అనుమతి ఇవ్వాల్సింది గదిలో దిగినవాడు, గుమాస్తా కాదు అంది సుప్రీంకోర్టు, శిక్ష కొట్టేసింది. గది ఊడ్చడానికి లోపలికి రానివ్వడం వేరు, పోలీసుని వెంటబెట్టుకు రావడం వేరు. అద్దె ఇంటి ఓనరు విషయంలోనూ అంతే, 1961 చాప్‌మన్ కేసు. బెంగళూరులో పీజీల్లో ఉండే లక్షలాది పిల్లలకి చెప్పాల్సిన కేసులివి, కాకపోతే అవి మన కేసులు కావు. ఆ రోజు ‘తీర్పు’ నా పక్షాన వచ్చింది. స్టవ్వు రాలేదు.

ఆరో వారం మీద నా అసలు కంప్లయింట్. బ్రోషర్‌లో ‘భారత చట్టంతో పోలిక’ అని పెద్దక్షరాల్లో వేశారు. అమెరికా నుంచి ఒక లాయరు వీడియోలో మాట్లాడతారన్నారు. వీడియో గంటన్నర గిరగిరా తిరిగి ఆగిపోయింది. పోలికకి మిగిలింది ఇరవై నిమిషాలు. ఈ ఊళ్లో, ఈ విషయం మీద, ఇరవై నిమిషాలా?

చెప్పుకోవాల్సింది ఎంతుంది! 1861లో ఇంగ్లండు జడ్జి ఒకాయన, ఎట్లా తెచ్చావన్నది లెక్క కాదు, దొంగిలించి తెచ్చినా చెల్లుతుంది అన్నాడు. 1955లో కెన్యా నుంచి వచ్చిన కురుమా కేసులో, అధికారం లేని పోలీసులు తడిమితే దొరికిన రెండు తూటాల మీద ప్రివీ కౌన్సిల్ (వలస దేశాలకి లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) ఒక మనిషి ఉరిశిక్షని ఖాయం చేసింది. ఆ నీడలోనే మన మల్కానీ కేసు, 1972, బొంబాయి కరోనర్ (అనుమానాస్పద చావుల్ని విచారించే అధికారి) లంచం అడిగిన ఫోను సంభాషణ టేపు. పూరన్‌మల్, 1973, ఇన్‌కమ్ ట్యాక్స్ సోదా. సోదా అక్రమమైనా సాక్ష్యం పనికొస్తే చెల్లుతుందన్నారు. మా మేజిస్ట్రేటు గారి మాట ఆయన సొంతం కాదన్నమాట, నూట అరవై ఏళ్ల వంశవృక్షం ఉంది దానికి. అయితే 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గంజాయి లాంటి కేసుల్లో కొంచెం పక్కకి జరిగింది. ఒళ్లు సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయించుకునే హక్కు నీకుందని చెప్పాలి. చెప్పకుండా వెతికితే, దొరికిన సరుకుతో అది వాడి దగ్గరే ఉందని రుజువు చేయలేరు. అమెరికా సూత్రానికి మనదగ్గర నాకు కనపడిన దగ్గరి చుట్టం ఇదే. ఇక 2010 సెల్వి కేసు, నార్కో పరీక్షలు బలవంతంగా చేయకూడదని. ఆ కేసు పూర్తి పేరులో ఉన్నది కర్ణాటక రాష్ట్రమే, ఒకప్పుడు ఆ పరీక్షలకి పేరుమోసిన ల్యాబు ఈ ఊళ్లోదే. 2017లో వ్యక్తిగత గోప్యత హక్కని తీర్పు తెచ్చుకున్న పుట్టస్వామి గారు ఈ ఊరి హైకోర్టులో జడ్జి చేసినాయనే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్, సోదా అంతా వీడియో తీయాలంటుంది. తీయకపోతే ఆ సాక్ష్యం ఏమవుతుందో చెప్పదు. మొదటి వారం నేను అడిగిన ఖాళీ ఇదే కదా. అప్పుడు ‘థర్డ్ వీక్ మేడమ్’ అన్నారు, ఇప్పుడు అనడానికి ఏ వీకూ మిగల్లేదు.

సర్టిఫికెట్ దగ్గర ఇంకో తమాషా. కౌంటర్లో అమ్మాయి ఒరిజినల్ రసీదు అడిగింది. రెండు ముక్కలు ఇచ్చాను. ‘ఇది చెల్లదు మేడమ్, చిరిగింది.’ చింపింది మీ సారేనమ్మా, పాఠంలో భాగంగా అన్నాను. నమ్మలేదు. కంపెనీ సగం ఫీజు ఇవ్వాలంటే సర్టిఫికెట్ కావాలి. మూడుసార్లు తిరిగి, సెలోటేప్ అంటించి, సారుచేత సంతకం చేయించాక ఇచ్చారు.

పరీక్ష కోసమే అయితే ఈ స్పైరల్ బుక్ నమ్మొద్దు, ప్రశ్నలు వేరేచోట చేసుకోండి. కోర్టు అనుభవం కొంచెం ఉండి, అవతలి దేశం ఇదే గొడవని ఎట్లా తేల్చుకుందో తెలుసుకోవాలని ఉంటే, ముందు ఫోన్ చేసి నెల్లూరు సారు వస్తారా అని అడిగి చేరండి. ఆయన రానంటే 7,500 దండగ. బ్రేకులో కింద దొరికే ఫిల్టర్ కాఫీ, మద్దూరు వడ బాగుంటాయి, అవి కోచింగ్ వాళ్లవి కావు. ఐదుకి మూడు చుక్కలు. మొదటి రెండూ మూడో ఆదివారానికి, ఇంకొకటి ఐదోదానికి.

స్టవ్వు సంగతి అడుగుతారని తెలుసు. పీజీ మారేటప్పుడు ఇస్తానంది ఆంటీ. మొన్న అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్తే, వాళ్ల వంటింట్లో గట్టు మీద ఉంది. మీద పాలు పొంగుతున్నాయి.